కోడిపిల్లలకు బ్రూడరు వేడి: వెనుక రెట్ట అంటుకొనకుండ తీసికొనవలసిన జాగ్రత్తలు

మన పల్లెలలో పెట్ట పది పన్నెండు గ్రుడ్లు పొదిగి పిల్లలను లేపుకొని తిరుగుట అందరు ఎరిగినదే. ఆ పిల్లలు కొంచెము సేపు తల్లి వెంట తిరిగి నూకలు ఏరుకొనును. చలి తగులగానే తల్లి రెక్కల క్రిందికి దూరును. ఒళ్ళు వెచ్చబడగానే మరల బయటకు వచ్చును. దినమునకు ఎన్నిసార్లు లోపలికి పోవలెనో, ఎన్నిసార్లు బయటకు రావలెనో ఆ పిల్లలకే తెలియును. ఆ విధముగా పెరిగిన పిల్లలకు వెనుక రెట్ట అంటుకొని ద్వారము మూసుకొనిపోవుట అరుదుగా కానవచ్చును.

హేచరీ నుండి తెచ్చిన పిల్లలకు తల్లి లేదు. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ళు నేడు అనేక గ్రామములలో ఉన్నవి. ఈ రకముల పెట్టలు సాధారణముగా పొదుగుకు కూర్చుండవు. కనుక మరల పిల్లలు కావలసినప్పుడెల్ల హేచరీ నుండి తెచ్చుకొనవలసినదే. అట్లు తెచ్చిన పిల్లలను మొదటి నాలుగైదు వారములు వెచ్చగా పెంచి, తరువాతనే పెరటిలోనికి వదలవలెను. తల్లికోడి చేయు పనిని ఈ కాలమంతయు మనము చేయవలెను. అందుకు ఉపయోగించు సాధనమే బ్రూడరు.

పిల్లలు వచ్చిన రెండవ దినము మొదలు ఆరవ, ఏడవ దినము వరకు కొన్నిటి తోక క్రింద రెట్ట అంటుకొని, ఎండి, బిళ్ళ కట్టుట మీరు చూచియుందురు. ద్వారము పూర్తిగా మూసుకొనిపోయిన పిల్ల రెట్ట వేయలేక కడుపు ఉబ్బి, రెక్కలు వ్రేలవేసి, కన్నులు మూసుకొని నిలబడును. పట్టించుకొనకున్న ఒకటి రెండు దినములలో చనిపోవును. పలువురు దీనిని ఒక తెగులని తలచి మందుల దుకాణమునకు పరుగెత్తుదురు. అయితే ఇది చాలవరకు తెగులు కాదు. వేడి సరిగా లేదని పిల్ల మనకు చూపు గుర్తు. రెట్ట తుడిచినచో ఆ ఒక్క పిల్ల బ్రతుకును. వేడి సరిచేసినచో మంద అంతయు బ్రతుకును. ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

రెట్ట ఏల అంటుకొనును?

పిల్ల గ్రుడ్డులోనుండి వెలువడుటకు ముందు మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసికొనును. ఈ సొన బలము మీదనే పిల్ల రెండు మూడు దినములు మేత, నీరు లేకయే బ్రతుకగలదు. హేచరీ నుండి పిల్లలను అట్టపెట్టెలలో దూరప్రాంతములకు పంపగలుగుటకు కారణమిదే. అయితే దారిలో ఒంటిలోని నీరు తగ్గును. ఎండలోనో, చలిగాలిలోనో ప్రయాణము సాగినచో మరింత అలసిపోవును.

పుట్టిన పిల్లకు ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేవు. మొదటి పది, పదునాలుగు దినములు తన ఒంటి వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి తక్కువ. చలి తగిలిన పిల్ల మేతకు, నీటికి పోదు. తోటి పిల్లలను ఒరసికొని నిలబడును. కడుపులో జీర్ణము మందగించి సొన సరిగా ఇంకదు. రెట్ట జిగురుగా వెలువడి నూగుకు అంటుకొనును.

వేడి మితిమీరినను ఫలితము ఇంచుమించు అదే. పిల్ల నోరు తెరచి రొప్పును. ఆ రొప్పుటలో ఒంటి నీరు పోవును. రెట్ట చిక్కబడి జిగురుగా వచ్చి అక్కడనే ఎండిపోవును. పగలు అధిక వేడి, తెల్లవారుజామున అధిక చలి, ఈ రెండును ఒకే దినమున తగులుట అన్నింటికంటె చెడ్డది.

దాహముతో నున్న పిల్లకు నీటికంటె ముందు మేత పెట్టుట, పెద్దకోళ్ళ దాణాను చిన్నపిల్లలకు వేయుట, బూజు పట్టిన మేత వాడుట కూడ కారణములగును. గ్రుడ్లు పెట్టు కోళ్ళ దాణాలో సున్నము పాలు ఎక్కువగా ఉండును. అది చిన్నపిల్లల మూత్రపిండములకు చెరుపు చేయును.

పిల్లలు రాకముందే చేయవలసినవి

నూరు పిల్లలకు సుమారు 3 అడుగుల (90 సెంటీమీటర్ల) వెడల్పు గల గుండ్రని గొడుగు చాలును. రేకుతో చేసినది లేకున్న పెద్ద వెదురు గంపను బోర్లించి, లోపల బల్బులు అమర్చి, నేలకు ఎత్తుగా వ్రేలాడదీయవచ్చును. గొడుగు అంచు నుండి 2 అడుగుల దూరములో చుట్టూ 45 సెంటీమీటర్ల ఎత్తున తడకనో, అట్టనో, రేకునో గుండ్రముగా నిలుపవలెను. మూలలు ఉండరాదు. మూలలున్నచో చలికి పిల్లలన్నియు అచ్చట గుమిగూడి, అడుగున పడినవి ఊపిరాడక చచ్చును. ఈ చుట్టు తడక పిల్లలను వేడికి దూరముగా పోనీయదు, నేలబారు గాలి తగులనీయదు. మూడు నాలుగు దినముల కొకసారి దీనిని కొంచెము వెనుకకు జరుపుచు, పది దినములైన పిమ్మట తీసివేయవచ్చును.

నేలపై ఎండిన వరి ఊకనుగాని, వేరుసెనగ పొట్టునుగాని 5 సెంటీమీటర్ల మందమున పరువవలెను. మొదటి మూడు నాలుగు దినములు దానిపై గరుకైన కాగితముగాని, గోనెపట్టగాని వేయవలెను. లేనిచో పిల్లలు మేతయనుకొని ఊకను తినును. నున్నని వార్తాపత్రికల కాగితముపై కాళ్ళు జారి, పిల్లలు చీలుకాళ్ళతో కుంటివగును. కావున అట్టి కాగితమును ఒంటరిగా పరువరాదు. కాగితమును దినమున కొకసారి మార్చవలెను.

బల్బుల విషయములో ఒక హెచ్చరిక. నేడు ఇండ్లలో వాడు ఎల్.ఇ.డి. బల్బులు వెలుతురు ఇచ్చునేగాని పిల్లలకు చాలినంత వేడి ఇయ్యవు. తీగ కాలి వెలుగు పాతరకపు బల్బులనుగాని, బ్రూడరు కొరకే అమ్ము ఇన్‌ఫ్రారెడ్ బల్బులనుగాని తెచ్చుకొనవలెను. పిల్ల ఒక్కింటికి 2 వాట్ల చొప్పున లెక్క వేసికొని, ఋతువును బట్టి తగ్గించుకొనుటయో పెంచుకొనుటయో చేయవచ్చును. నూరు పిల్లలకు ఒకే పెద్ద బల్బు కంటె 60 వాట్ల బల్బులు నాలుగు మేలు. ఒకటి మాడిపోయినను తక్కినవి తెల్లవారువరకు కాచును. వేడి ఎక్కువైనచో ఒకటి ఆర్పుటకు వీలుండును. బల్బును కరెంటు తీగతోనే వ్రేలాడదీయక, ఇనుప గొలుసుతోగాని గట్టి తంతితోగాని కట్టవలెను. ఊకపై బల్బు తెగిపడినచో ఇల్లంతయు అంటుకొనును.

పిల్లలు వచ్చిన పిదప దీపము వెలిగించుట గొప్ప పొరపాటు. చలికాలములో ముందటి దినముననే, తక్కిన కాలములలో కొన్ని గంటల ముందుగానే దీపములు వెలిగించి ఊకను వెచ్చబరచవలెను. పైన గాలి వెచ్చగా నుండి క్రింద ఊక చల్లగా నున్నచో, పిల్ల పాదముల నుండి, పొట్ట నుండి చలి ఎక్కును.

ఎంత వేడి ఉండవలెను?

వేడిని కొలుచుటకు ఉష్ణమాపకమును గొడుగు అంచున, నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున, అనగా పిల్ల వీపు ఎత్తున వ్రేలాడదీయవలెను. గోడకు తగిలించిన ఉష్ణమాపకము గోడ వేడిని చెప్పునేగాని పిల్ల వేడిని చెప్పదు. వారము వారీగా ఉండవలసిన వేడి ఇది:

మొదటి వారము: 95 డిగ్రీల ఫారెన్‌హీట్ (35 డిగ్రీల సెంటిగ్రేడ్)
రెండవ వారము: 90 డిగ్రీలు (32 డిగ్రీలు)
మూడవ వారము: 85 డిగ్రీలు (సుమారు 29 డిగ్రీలు)
నాలుగవ వారము: 80 డిగ్రీలు (సుమారు 27 డిగ్రీలు)
అయిదవ వారము: 75 డిగ్రీలు (24 డిగ్రీలు)

వారమునకు 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుటకు బల్బులను కొంచెము పైకి ఎత్తవచ్చును, లేదా ఒకటి ఆర్పవచ్చును. గదిలోని వేడియే ఈ లెక్కకు సరిపోయినప్పుడు దీపము అక్కరలేదు.

ఈ వేడి గొడుగు క్రిందనే ఉండవలెనుగాని గది అంతటను ఉండనవసరము లేదు. తల్లి రెక్కల క్రింద వెచ్చన, బయట చల్లన. బ్రూడరులోను అట్లే ఉండవలెను. చిన్న అట్టపెట్టెలో నడుమ పెద్ద బల్బు పెట్టి మూత వేసినచో, వేడి ఎక్కువైనప్పుడు పిల్ల పోవుటకు చోటుండదు. పది ఇరువది పిల్లలు పెంచుకొనువారి ఇండ్లలో ఎక్కువగా జరుగు పొరపాటిదే. కొద్దిపిల్లలకైనను పెట్టె పొడవుగా ఉండవలెను. బల్బును ఒక కొసన పెట్టి, మేతను, నీటిని రెండవ కొస వైపు పెట్టవలెను.

పిల్లలను చూచి వేడిని తెలిసికొనుట

ఉష్ణమాపకము లేనివారు దిగులు పడనక్కరలేదు. పిల్లల తీరును చూచియే వేడిని కనుగొనవచ్చును. ఉష్ణమాపకము ఉన్నవారు కూడ పిల్లల మాటనే తుది మాటగా తీసికొనవలెను.

పిల్లలన్నియు బల్బు క్రింద ఒకదానిపై నొకటి ఎక్కి, గట్టిగా కీచుమని అరచుచున్నచో వేడి చాలలేదు. బల్బులను క్రిందికి దింపవలెను, లేదా ఒకటి చేర్చవలెను.

బల్బుకు దూరముగా పోయి తడకకు ఆనుకొని, రెక్కలు విడదీసి, నోరు తెరచి రొప్పుచున్నచో వేడి ఎక్కువైనది. బల్బులను పైకెత్తవలెను.

అన్నియు ఒక ప్రక్కకే చేరినచో రెండవ ప్రక్క నుండి గాలి కొట్టుచున్నదని తెలిసికొనవలెను. ఆ వైపు గోనెపట్ట కట్టవలెను. అయితే గది నాలుగువైపుల మూసివేయరాదు. పైభాగమున గాలి ఆడవలెను.

పిల్లలు అంతటను పలుచగా పరచుకొని, కొన్ని తినుచు, కొన్ని త్రాగుచు, కొన్ని కాళ్ళు చాచి నిదురపోవుచు, మెల్లగా కూనిరాగము వలె శబ్దము చేయుచున్నచో వేడి సరిగా నున్నది. దానిని మార్చవద్దు.

ఈ పరిశీలన పగటిపూట ఒక్కసారి చేసిన చాలదు. మొదటి మూడు రాత్రులు పడుకొనబోవు ముందు ఒకసారి, నడిరేయి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి చూడవలెను. సాయంకాలము సరిగా నున్న వేడి తెల్లవారుజాము చలికి చాలకపోవచ్చును. మనము గాఢనిద్రలో నుండు ఆ రెండు మూడు గంటలలోనే మరునాటి రెట్టకు బీజము పడును.

మొదటి దినము: ముందు నీరు, తరువాత మేత

పెట్టె విప్పగానే ఒక్కొక్క పిల్లను చేతికి తీసికొని, ముక్కు కొనను నీటిలో ముంచి, గొడుగు క్రింద విడువవలెను. ఒక పిల్ల నేర్చినచో తక్కినవి చూచి నేర్చుకొనును. నీరు గోరువెచ్చగా ఉండవలెను. దూరము నుండి వచ్చి అలసిన పిల్లలకు లీటరు నీటిలో 50 నుండి 80 గ్రాముల బెల్లము కరగించి, మొదటి కొన్ని గంటలు మాత్రమే ఇయ్యవచ్చును. పిమ్మట మంచినీరు చాలును. దినముల తరబడి బెల్లపు నీరు ఇచ్చినచో అది పులియును, రెట్ట పలుచనగును.

నీటి పళ్ళెము లోతు తక్కువగా ఉండవలెను. లోతు ఎక్కువైనచో అందు గులకరాళ్ళు వేయవలెను. నీటిలో పడి తడిసిన పిల్లకు వెంటనే చలి తగులును. నీటి పాత్ర సరిగా బల్బు క్రింద ఉండరాదు. నీరు వేడెక్కినచో పిల్లలు త్రాగవు.

పిల్లలన్నియు నీరు త్రాగిన రెండు మూడు గంటలకు మొక్కజొన్న రవ్వను కాగితముపై పలుచగా చల్లవలెను. మొదటి దినము ఈ రవ్వ తిన్న పిల్లలకు రెట్ట అంటుకొనుట తక్కువ. రెండవ దినము నుండి పిల్లల దాణాను కలిపి, మూడవ దినమునకు పూర్తిగా పిల్లల దాణాయే వేయవలెను. చీకటి పడిన పిమ్మట కొన్ని పిల్లల మెడ క్రింది మేతసంచిని వ్రేళ్ళతో తడిమి చూడండి. నిండుగా, మెత్తగా నున్నచో పిల్ల తిని త్రాగినది. గట్టిగా నున్నచో నీరు చాలలేదు. ఖాళీగా నున్నచో ఆ పిల్లకు మేత దొరకలేదు, లేదా చలికి అది మేత వద్దకు పోలేదు.

అంటుకొనిన రెట్టను తీయు విధము

మొదటి వారము దినమునకు రెండుసార్లు ప్రతి పిల్లను తోక క్రింద చూడవలెను. నూరు పిల్లలను చూచుటకు అరగంట పట్టును. చాల ఇండ్లలో ఈ పని స్త్రీల చేతిమీదుగానే జరుగును. ఇంటి మగవారు కూడ నేర్చుకొనిన మంచిది.

ఎండిన రెట్టను చేతితో లాగరాదు. నూగుతోపాటు చర్మము చినుగును. రక్తము చూచి తోటిపిల్లలు పొడిచి చంపును. మెత్తని గుడ్డను గోరువెచ్చని నీటిలో తడిపి, తోక క్రింద ఒకటి రెండు నిమిషములు ఒత్తి పట్టుకొనవలెను. బిళ్ళ నానిన పిమ్మట కొంచెము కొంచెముగా తుడువవలెను. ఒకేసారి రానిచో మరల నానబెట్టవలెను. పిల్లను మొత్తము నీటిలో ముంచరాదు.

ఇచ్చట ఒక సంగతి తప్పక గుర్తుంచుకొనవలెను. రెట్ట వచ్చు ద్వారము తోకకు సరిగా క్రిందనుండును. దానికి ముందు, పొట్ట వైపున, బొడ్డు ఉండును. పుట్టిన మొదటి దినములలో బొడ్డు వద్ద నల్లని ఎండు పొక్కుగాని, సన్నని దారము వంటిదిగాని కానవచ్చును. అది రెట్ట కాదు. దానిని లాగినచో ప్రేగులు బయటకు వచ్చి పిల్ల చచ్చును. దానంతట అది రాలిపోవును.

శుభ్రము చేసిన పిల్లను పొడిగుడ్డతో అద్ది, వెచ్చగా ఆరబెట్టి, ద్వారము చుట్టూ కొబ్బరినూనె కొద్దిగా పూసి, ఆరిన పిదపనే మందలో విడువవలెను. తడిపిల్లను విడిచినచో దానికి మరల చలి తగిలి, మరునాడు మరల రెట్ట అంటుకొనును. పని ముగిసిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఎంతమందికి అంటుకొన్నదో లెక్క వ్రాసిపెట్టుకొనండి. ప్రయాణము మరునాడు ఒకటి రెండు పిల్లలకు కనబడి, క్రమముగా తగ్గినచో భయము లేదు. మూడవ దినమున నిన్నటికంటె ఎక్కువైనచో, గుడ్డ పట్టుకొనుటకు ముందు బ్రూడరు వద్దకు పోయి వేడిని, గాలిని, నీటిని సరిచూడవలెను.

ఎప్పుడు తెగులని అనుమానింపవలెను?

వేడి, నీరు, మేత సరిచేసినను తగ్గక, రెట్ట సున్నము వలె తెల్లగా, పలుచగా వచ్చుచు, పిల్లలు కునుకుచు, దినదినము చావులు పెరుగుచున్నచో అది తెల్లపారుడు తెగులు కావచ్చును. ఈ తెగులు సాల్మొనెల్లా జాతి సూక్ష్మజీవి వలన, తల్లికోడి నుండి గ్రుడ్డు ద్వారా కూడ పిల్లలకు వచ్చును. చచ్చిన పిల్లలను పారవేయక వెంటనే దగ్గరి పశువైద్యశాలకు తీసికొనిపోయి చూపవలెను. పరీక్ష చేయించిన మందల నుండి పిల్లలను ఇచ్చు హేచరీలోనే కొనుట దీనికి మొదటి నివారణ. ఎవరో చెప్పిరని మందులను తోచినట్లు నీటిలో కలుపరాదు. చలికి వచ్చిన రెట్టకు ఆ మందు పని చేయదు. తెగులుకు ఏ మందో వైద్యుడే చెప్పవలెను. కొక్కెర తెగులుకు మొదటి వారములో వేయించవలసిన టీకాను గూర్చి కూడ అప్పుడే అడిగి తెలిసికొనండి.

ఋతువులను బట్టి మార్పులు

మార్గశిర, పుష్య మాసములలో రాత్రి చలికి కిటికీలకు గోనెపట్టలు కట్టవలెను. పగలు ఎండ రాగానే ఎత్తివేయవలెను. వానకాలములో ఊక తడిసి గట్టిపడును. దినమున కొకసారి కదిలించి, తడిసినదానిని తీసి పొడి ఊక వేయవలెను. ఎండాకాలములో, ముఖ్యముగా రోహిణి కార్తెలో, గదిలోని వేడియే 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటవచ్చును. అట్టి పగటివేళ దీపములు వెలిగించరాదు. కప్పుపై గడ్డి పరచి నీరు చల్లి, పిల్లలకు చల్లని నీరు మాటిమాటికి మార్చవలెను. వేసవిలో రెట్ట అంటుకొనిన పిల్లలకు చలి తగిలినదని భావించి బల్బులు పెంచువారు కలరు. అది మంటలో నూనె పోయుట వంటిది.

కరెంటు పోయినప్పుడు ఏమి చేయవలెనో ముందే ఏర్పాటు చేసికొనవలెను. బొగ్గుల కుంపటిని పిల్లలు తాకకుండ చుట్టూ రేకు పెట్టి ఉంచవచ్చును. అయితే బొగ్గులు బయటనే బాగుగ రాజుకొని పొగ పోయిన పిమ్మట లోపలికి తేవలెను. గది మూసివేయరాదు. బొగ్గు నుండి వచ్చు విషవాయువు కంటికి కనబడదు, వాసన రాదు. అది పిల్లలనేగాక ఆ గదిలో నిదురించు మనుష్యులను కూడ చంపును. కుంపటి లేనిచో సీసాలలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి, గొడుగు క్రింద పెట్టి, చల్లారినకొలది మార్చవచ్చును.

చివరిమాట

నూరు పిల్లలను కొనుటకు పెట్టిన పైకము మొదటి వారములోనే నిలుచును, లేదా పోవును. ఆ తరువాత నెలల తరబడి వేయు మేత, చేయు చాకిరి అంతయు ఆ ఏడు దినములలో బ్రతికిన పిల్లల మీదనే ఆధారపడియుండును. ఈ ఏడు దినములకు పెద్ద ఖర్చు అక్కరలేదు. నాలుగు బల్బులు, ఒక గంప, ఒక తడక, కొంత ఊక, మూడు రాత్రుల మెలకువ చాలును. పిల్ల తోక క్రింద రెట్ట కనబడిన దినమున ముందు బ్రూడరును చూడండి, తరువాత పిల్లను తుడువండి. తల్లికోడి పుస్తకము చదువదు, ఉష్ణమాపకము చూడదు. పిల్ల అరచినప్పుడు రెక్క విప్పును, పిల్ల బయటకు పోయినప్పుడు పోనిచ్చును. మనము నేర్చుకొనవలసినది అదే.